ప్రొటియోమిక్స్ ఫలితం ట్యూబులోనే తేలిపోతుంది

మానవ ప్రొటియోమిక్స్, అంటే మన శరీరంలోని ప్రొటీన్లన్నిటినీ కలిపి చదివే శాస్త్రం, మీద సదస్సు అనగానే తెర మీద మొదట కనిపించేది అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఫొటో. కోట్ల రూపాయల యంత్రం, ఏసీ గది, చేతి తొడుగులతో నిలబడ్డ ఆపరేటరు. ఆ బొమ్మ చూసి అనంతపురం శ్రీకృష్ణదేవరాయ నుంచో, కడప యోగి వేమన నుంచో, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం నుంచో వచ్చిన కొత్త స్కాలర్లు ‘ఇది మన వల్ల అయ్యే పని కాదులే’ అనుకుంటారు. సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కేస్తారు.

నిజానికి నమూనా ఆ యంత్రం దగ్గరికి చేరేలోపే ఫలితం చాలావరకు ఖరారైపోతుంది. రక్తం ఏ ట్యూబులో తీశారు, ఎంతసేపు బయట పెట్టారు, ఎవరిని ఎవరితో పోల్చారు, ఎన్ని నమూనాలు తీశారు అన్నవి యంత్రం సరిచేయగల విషయాలు కావు. జిల్లా ఆసుపత్రి, వైద్య కళాశాల, పల్లెలు దగ్గర్లో ఉన్న విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నది సరిగ్గా ఈ ముందు భాగమే. సదస్సు పెట్టేవాళ్లూ, వెళ్లేవాళ్లూ దీని చుట్టూ ఆలోచిస్తే ఖర్చు గిట్టుబాటవుతుంది.

లెక్క ఎక్కడ తికమక పడుతుంది

మనిషి జన్యువుల్లో ప్రొటీన్లకు సంకేతమిచ్చేవి దాదాపు 20,000. ‘అయితే ప్రొటీన్లూ అన్నే కదా’ అన్న ప్రశ్న ప్రతి సదస్సులోనూ వస్తుంది. కాదు. ఒకే జన్యువు సందేశాన్ని కణం రకరకాలుగా కత్తిరించి అతుకుతుంది. తయారైన ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, చక్కెర గొలుసులు తగిలిస్తుంది, కొన్నిసార్లు కొస తెంచేస్తుంది. ఇలా పుట్టే రూపాలన్నీ కలిపితే సంఖ్య 20,000 కన్నా ఎన్నో రెట్లు. పైగా జన్యుక్రమం కాలేయంలోనూ కంటిలోనూ ఒకటే, ప్రొటీన్ల జాబితా మాత్రం వేరు. పొద్దున ఉన్నది సాయంత్రానికి మారొచ్చు.

ఈ ప్రొటీన్లన్నిటికీ కలిపి ప్రొటియోమ్ అన్న మాటను 1994లో ఇటలీలోని సియెనాలో జరిగిన సమావేశంలో శాస్త్రవేత్త మార్క్ విల్కిన్స్ మొదటిసారి వాడాడు. అంతర్జాతీయ సంస్థ హూపో (హ్యూమన్ ప్రొటియోమ్ ఆర్గనైజేషన్) 2001లో ఏర్పడింది, మానవ ప్రొటియోమ్ ప్రాజెక్టు 2010లో మొదలైంది. 2014 మేలో నేచర్ పత్రికలో మానవ ప్రొటియోమ్‌కు రెండు ముసాయిదా పటాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి మ్యూనిక్ బృందానిది. రెండోది అఖిలేశ్ పాండే నాయకత్వంలో జాన్స్ హాప్కిన్స్, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ కలిసి చేసింది. ఈ రెండో బృందం 30 రకాల కణజాలాలు, కణాలు పరీక్షించి 17,294 జన్యువుల ప్రొటీన్లు దొరికాయని ప్రకటించింది. అనంతపురానికి నాలుగైదు గంటల దూరంలో ఉన్న ఊరు ఇందులో భారం పంచుకుందన్నది మన విద్యార్థులకు చెప్పాల్సిన మాట.

చెప్పాల్సింది ఇంకొకటి కూడా ఉంది. ఆ పటాల్లో ముక్కులో వాసన పట్టే గ్రాహక ప్రొటీన్లు చాలా కనిపించాయి. పరీక్షించిన నమూనాల్లోనేమో ముక్కు కణజాలం లేదు. అదే ఏడాది మరో బృందం లెక్కలు తిరగేసి, ఆ గుర్తింపులకు ఆధారం బలహీనమని చూపించింది. మూల డేటా బయట పెట్టారు కాబట్టే ఆ తప్పు దొరికింది. తర్వాత నియమాలు బిగిశాయి. ఒక ప్రొటీన్ కొత్తగా దొరికిందని చెప్పాలంటే, ఆ ఒక్క ప్రొటీన్‌కే చెందే పెప్టైడ్లు, అంటే ప్రొటీన్ ముక్కలు, కనీసం రెండు, ఒక్కోటి 9 అమైనో ఆమ్లాలకు తగ్గకుండా, ఒకదాంట్లో ఒకటి పూర్తిగా ఇమిడిపోకుండా ఉండాలి. ఆ కఠిన లెక్కతోనే 2020లో 90.4 శాతం ప్రొటియోమ్‌కు గట్టి ఆధారం దొరికిందని ప్రాజెక్టు ప్రకటించింది.

యంత్రం చూసేది ప్రొటీన్‌ను కాదు

మనం వాడే పద్ధతుల్లో ఎక్కువ భాగం ప్రొటీన్‌ను ముక్కలు చేసి, ఆ ముక్కల బరువు తూచేవే. ట్రిప్సిన్ అనే ఎంజైము లైసిన్, ఆర్జినిన్ అన్న రెండు అమైనో ఆమ్లాల తర్వాత తెంపుతుంది. వచ్చిన పెప్టైడ్లు సన్నటి కాలమ్‌లోంచి ఒక్కొక్కటిగా బయటికొస్తాయి, కొసన అధిక వోల్టేజీతో విద్యుదావేశం పొంది వాయు స్థితిలోకి పోతాయి. ఎలక్ట్రోస్ప్రే అనే ఈ పనికే జాన్ ఫెన్‌కు 2002 నోబెల్‌లో వాటా వచ్చింది. యంత్రం ముందు పెప్టైడ్ బరువు కొలుస్తుంది, తర్వాత దాన్ని పగలగొట్టి ముక్కల బరువులూ కొలుస్తుంది. ఆ అంకెల వరసను కంప్యూటరు మానవ ప్రొటీన్ల పట్టికతో పోల్చి ‘ఇది ఫలానా పెప్టైడ్’ అని ఊహిస్తుంది.

ఊహిస్తుంది అనడమే సరైన మాట. ఆ ఊహల్లో ఎన్ని తప్పో తెలుసుకోవడానికి అసలు పట్టికతో పాటు, క్రమాలు తలకిందులు చేసిన దొంగ పట్టికను కూడా కలిపి వెతుకుతారు. దొంగ పట్టికలో ఎన్ని తగిలాయో దాన్నిబట్టి అసలులో తప్పుల శాతం అంచనా వేసి, 1 శాతం దగ్గర గీత గీస్తారు. ఈ గీత ఎక్కడ గీశారో, పెప్టైడ్ల స్థాయిలోనా ప్రొటీన్ల స్థాయిలోనా అన్నది చెప్పని పోస్టరును నమ్మకూడదు.

రక్తం దగ్గర ఈ పద్ధతికి పెద్ద చిక్కుంది. ప్లాస్మాలో, అంటే కణాలు తీసేశాక మిగిలే రక్త ద్రవంలో, ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మిల్లీలీటరుకు సుమారు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేత ప్రొటీన్ ఆరోగ్యవంతుల్లో కొద్ది పికోగ్రాములే. మధ్య తేడా వెయ్యి కోట్ల రెట్లు. అగ్రస్థానంలో ఉన్న 22 ప్రొటీన్లే బరువులో 99 శాతం ఆక్రమిస్తాయి. ఆల్బుమిన్‌ను తీసేసే కాలమ్‌లు దొరుకుతాయి గానీ, దాన్ని అంటుకుని ఉన్న చిన్న ప్రొటీన్లూ దాంతోనే వెళ్లిపోతాయి. ప్రతి నమూనాలో ఒకే మేరకు పోతాయన్న హామీ కూడా లేదు. ‘మా రక్త నమూనాల్లో సైటోకైన్లు (ఇంటర్‌ల్యూకిన్ల లాంటి సంకేత ప్రొటీన్లు) చూస్తాం’ అని మామూలు మాస్ స్పెక్ట్రోమెట్రీ ప్రాజెక్టు రాసుకొచ్చేవాళ్లకు ఈ అంకెలు ముందే చూపించాలి. ఆ పనికి యాంటీబాడీల జతలతోనో, ఒక్కో ప్రొటీన్‌ను పట్టుకునే డీఎన్ఏ ముక్కలైన ఆప్టమర్లతోనో కొలిచే పద్ధతులున్నాయి. అక్కడ మీరు వెతకమన్న ప్రొటీన్లే కనిపిస్తాయి, కొత్తవి బయటపడవు.

ఫ్లోరోసిస్ ఉదాహరణగా

అనంతపురం జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య పాతది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఎముకలు బిగుసుకోకముందే రక్తంలో ఏ ప్రొటీన్లు మారుతున్నాయో చూద్దాం అన్న ప్రశ్న ఇక్కడి పరిశోధకులకు సహజంగా వస్తుంది. మంచి ప్రశ్నే. దాన్ని పాడుచేసే దారులు మాత్రం చాలా ఉన్నాయి.

మొదటిది ట్యూబు మూత రంగు. ఊళ్లో శిబిరం పెడితే షుగర్ పరీక్షల కోసం బూడిద రంగు మూత ట్యూబులు ఎటూ వస్తాయి. వాటిలో గ్లూకోజ్ తరగకుండా ఉంచడానికి వేసేది సోడియం ఫ్లోరైడ్. ఫ్లోరోసిస్ అధ్యయనంలో ఆ ట్యూబులోని ప్లాస్మాలో ఫ్లోరైడ్ కొలిస్తే వచ్చేది బోరు నీళ్ల లెక్క కాదు, ట్యూబు కంపెనీ లెక్క. ప్రొటియోమిక్స్‌కు రక్తం గడ్డకట్టకుండా ఆపే ఊదా మూత ఈడీటీఏ ట్యూబు తీసుకుని, నిండగానే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగులుతాయి. ఎర్ర మూత ట్యూబులో సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తీసేవాళ్లు గడ్డకట్టడానికి అందరికీ ఒకే సమయం, ఉదాహరణకు 30 నిమిషాలు, ఇవ్వాలి. ఒకరికి 20 నిమిషాలు, ఇంకొకరికి భోజనమయ్యేదాకా అంటే, గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు విడుదల చేసే ప్రొటీన్లే రేపు మీకు ‘వ్యాధి గుర్తులు’గా కనిపిస్తాయి. కొన్ని ప్లాస్మా, కొన్ని సీరం కలిపి ఒకే అధ్యయనం చేయడం అసలే కుదరదు.

రెండోది సెంట్రిఫ్యూజ్. పద్ధతుల పుస్తకం 1,500 జి (గురుత్వ బలానికి 1,500 రెట్లు) వద్ద 10 నిమిషాలు అంటుంది. మన టెక్నీషియన్ నాబ్‌ను 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పెడతాడు. రెండూ ఒకటి కావు. రోటర్ వ్యాసార్థాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎం వర్గంతోనూ 0.00001118తోనూ గుణిస్తే జి వస్తుంది. వ్యాసార్థం 15 సెంటీమీటర్లయితే 3,000 ఆర్‌పీఎంకు దాదాపు 1,500 జి వస్తుంది. 10 సెంటీమీటర్లయితే సుమారు 1,000 మాత్రమే, ప్లేట్‌లెట్లు ఇంకా ఎక్కువగా ప్లాస్మాలోనే మిగిలిపోతాయి. పీఎఫ్4, థ్రాంబోస్పాండిన్ లాంటి ప్లేట్‌లెట్ ప్రొటీన్లు కొన్ని నమూనాల్లోనే బాగా ఎక్కువ కనిపిస్తే అనుమానించాల్సింది జబ్బును కాదు, స్పిన్‌ను. పై ప్లాస్మాను తెల్లపొరకు (ఎర్రకణాల మీద పేరుకునే తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల పొర) అర సెంటీమీటరు ఎత్తులోనే ఆపి తీసి, ఇంకో ట్యూబులో మళ్లీ తిప్పితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

హిమోగ్లోబిన్‌తో పాటు కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్, పెరాక్సిరెడాక్సిన్-2 పెరిగి కనిపిస్తే ఎర్రకణాలు పగిలినట్టు. సన్నటి సూదితో సిరంజిని బలంగా లాగడం, ఎండలో బైకు మీద తీసుకురావడం మామూలు కారణాలు. ప్లాస్మా గులాబీ రంగులో ఉంటే ఆ సంగతి పుస్తకంలో రాయాలి. రాయకుండా ‘పర్లేదులే’ అని ఫ్రీజర్‌లో పెట్టిన ట్యూబు ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

వేరుచేసిన ప్లాస్మాను 100 నుంచి 200 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. ఒకే పెద్ద ట్యూబులో పెడితే ప్రతి పరీక్షకూ కరిగించి గడ్డకట్టించాల్సి వస్తుంది. మే నెలలో ఇక్కడ కరెంటు పోయి డీప్ ఫ్రీజర్ ఎన్ని గంటలు ఆగిందో చెప్పే రికార్డు లేకపోతే ఆ నమూనాల చరిత్ర తెలియనట్టే. ఫ్రీజర్ ధరతో పోలిస్తే ఉష్ణోగ్రత లాగర్ ధర ఒక లెక్కే కాదు.

పెప్టైడ్లు ఇక్కడే చేసి పంపొచ్చు

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రుసుము కట్టి నమూనాలు నడిపించుకునే సదుపాయాలున్నాయి. బెంగళూరు సీ-క్యాంప్ అలాంటిదే. దేశంలో ఎక్కడ ఏ యంత్రం ఉందో ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకొచ్చు. నమూనాలు పంపడానికి డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పెట్టిన థర్మోకోల్ పెట్టె కావాలి. రోజుకు నాలుగైదు కిలోలు ఆవిరైపోతుందని లెక్కేసుకుని, ప్రయాణానికి ఇంకో రోజు అదనంగా కలిపి పెట్టాలి. పెట్టెకు గాలి పోయే సందు వదలాలి, లేకపోతే లోపలి వాయువుకు పెట్టె పగులుతుంది. కారు అద్దాలన్నీ మూసి పక్కన పెట్టుకుని పోవడం ప్రమాదం.

ఇంతకన్నా తేలిక దారి, ట్రిప్సిన్ పని ఇక్కడే చేసి, పెప్టైడ్లను వ్యాక్యూమ్‌లో ఎండబెట్టి పంపడం. ఎండిన పెప్టైడ్లు ద్రవ ప్లాస్మా కన్నా ప్రయాణాన్ని బాగా తట్టుకుంటాయి. దీనికి కావాల్సింది హీటింగ్ బ్లాక్, సెంట్రిఫ్యూజ్, వ్యాక్యూమ్ కాన్‌సెంట్రేటర్, ఓపిక. ముందు ప్రొటీన్ ఎంతుందో కొలవాలి. ప్రొటీన్‌లోని గంధక బంధాలు తెంచే డీటీటీ ఉంటే బీసీఏ అనే కొలత పద్ధతి తప్పు చూపిస్తుంది, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు ఉంటే బ్రాడ్‌ఫర్డ్ అనే ఇంకో పద్ధతి తప్పు చూపిస్తుంది, కాబట్టి బఫరును బట్టి పద్ధతి ఎంచుకోవాలి. తర్వాత 50 మైక్రోగ్రాముల ప్రొటీన్ 8 మోలార్ యూరియాలో తీసుకుని, 5 మిల్లీమోలార్ డీటీటీతో 37 డిగ్రీల్లో సుమారు గంటసేపు, 15 మిల్లీమోలార్ అయోడోఎసిటమైడ్‌తో చీకట్లో 30 నిమిషాలు ఉంచాలి. యూరియాను 1 మోలార్‌కు దిగేదాకా 50 మిల్లీమోలార్ అమ్మోనియం బైకార్బొనేట్‌తో పలచన చేసి, 1 మైక్రోగ్రాము ట్రిప్సిన్ వేసి, 37 డిగ్రీల్లో రాత్రంతా వదిలేయాలి. పొద్దున ఫార్మిక్ ఆమ్లంతో పీహెచ్ 3 కన్నా కిందికి దించి ఆపి, పెప్టైడ్లను పట్టి ఉంచే సీ18 టిప్పులతో లవణాలు కడిగి ఎండబెట్టాలి.

ఇందులో ఎక్కువమంది చేసే పొరపాటు యూరియా ఉండగా వేడి పెంచడం. వేడికి యూరియా విరిగి సయనేట్ పుడుతుంది, అది పెప్టైడ్లకు అంటుకుని ఒక్కోదాని బరువు 43 డాల్టన్లు (అణువుల బరువు కొలమానం) పెంచుతుంది. లైసిన్‌కు అంటుకుంటే ట్రిప్సిన్ అక్కడ తెంపలేదు. యూరియాను పలచన చేయకుండా ట్రిప్సిన్ వేస్తే అది సరిగా పనిచేయదు, సగం తెగిన పెప్టైడ్లు మిగులుతాయి. ఫలితాల్లో 44 డాల్టన్ల ఎడంతో మెట్లలాగా శిఖరాలు వరసకట్టాయంటే డిటర్జెంటో, ప్లాస్టిక్ సామాను నుంచి వచ్చిన పీఈజీనో (పాలీఇథిలీన్ గ్లైకాల్) ఉన్నట్టు. కెరటిన్ కుప్పలుగా వస్తే అది చేసినవాళ్ల చర్మం, జుట్టు. ఫ్యాను కింద ట్యూబు మూతలు తెరిచి పెట్టే అలవాటున్న ల్యాబుల్లో కెరటినే మొదటి ర్యాంకు.

ఎవరిని ఎవరితో పోలుస్తున్నారు

కళ్యాణదుర్గం వైపు ఊళ్ల రోగులు, పోల్చడానికి కంట్రోళ్లుగా అనంతపురం టౌనులో చదువుకుంటున్న పీజీ విద్యార్థులు. ఇలాంటి పోలికలో దొరికేది ఫ్లోరైడ్ తేడా కాదు. వయసు, తిండి, కూలిపని, మూత్రపిండాల స్థితి అన్నీ కలిసిన తేడా. అదే ఊరిలో, అదే వయసులో, తక్కువ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగేవాళ్లు కావాలి. నీటి ఫ్లోరైడ్‌తో పాటు ప్రతి మనిషి మూత్రంలోనో సీరంలోనో ఫ్లోరైడ్ కూడా కొలిస్తేనే పోలిక నిలబడుతుంది.

రోగుల నమూనాలన్నీ సోమవారం, మిగతావన్నీ గురువారం యంత్రంలో పెడితే, కాలమ్ పాతబడిన తేడా జబ్బు తేడాగా కనిపిస్తుంది. దీన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. క్రమాన్ని చీట్లు తీసినట్టు కలగాపులగం చేయాలి. అన్ని నమూనాల నుంచి కొద్దికొద్దిగా కలిపిన ఒక ఉమ్మడి నమూనాను ప్రతి పదింటికీ ఒకసారి నడిపితే యంత్రం ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది.

ఇక సంఖ్య. 2,000 ప్రొటీన్లు కొలిచి, 0.05 గీత (తేడా లేకపోయినా ఉందనిపించే అవకాశం 5 శాతం) పెట్టుకుంటే, అసలే తేడా లేకపోయినా 100 ప్రొటీన్లు ‘మారినట్టు’ కనిపిస్తాయి. ఒకే ప్రొటీన్‌ను ముందే ఎంచుకుని, ఒక ప్రామాణిక విచలనమంత తేడాను 80 శాతం నమ్మకంతో పట్టాలంటే గుంపుకు 17 మంది చాలు. అదే తేడాను 2,000 ప్రొటీన్ల మధ్య, ఇన్ని పరీక్షలు ఒకేసారి చేసినందుకు వేసే కఠినమైన దిద్దుబాటు తర్వాత పట్టాలంటే గుంపుకు 50 మందికి పైనే కావాలి. గుంపుకు ఆరుగురితో ‘బయోమార్కర్ (వ్యాధి గుర్తు) దొరికింది’ అన్న పోస్టర్లు ఇన్ని రావడానికి కారణం ఈ లెక్క చివర్లో వేయడమే. బెంజమిని-హాక్‌బర్గ్ దిద్దుబాటు కొంచెం ఉదారమైనదే, కానీ ఆరుగురిని అరవైమంది చేయలేదు.

నైతిక సంఘం అనుమతి నమూనా తీయకముందే ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులో, చదవలేనివాళ్లకు సాక్షి ఎదుట చదివి వినిపించేలా ఉండాలి. మిగిలిన రక్తాన్ని భవిష్యత్తు పరిశోధనకు దాచుకోవచ్చా అన్న ప్రశ్నకు విడిగా టిక్ పెట్టే గడి ఇవ్వాలి. విదేశీ ల్యాబుకు పంపే ఆలోచన ఉంటే దానికి వేరే అనుమతులున్నాయి.

సదస్సు ఇవ్వాల్సింది

మన సదస్సుల్లో జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి పదకొండున్నర. ఆలస్యమంతా కోతపడేది పోస్టర్ల మీద. భోజనం వరసలో నిలబడి ప్లేటు పట్టుకున్నవాళ్లు పోస్టరు చదవరు. గంటన్నర విడిగా పెట్టి, మొదటి సగం సరి సంఖ్య పోస్టర్లకూ రెండో సగం బేసి వాటికీ ఇస్తే, స్కాలర్లు తమ పోస్టరు దగ్గర నిలబడగలరు, పక్కవాళ్లవి కూడా చూడగలరు. న్యాయనిర్ణేతలు ‘నమూనాలు ఎన్ని, ఏ ట్యూబు, క్రమం ఎలా కలిపారు, తప్పుల గీత ఎక్కడ’ అన్న నాలుగూ తప్పకుండా అడగాలి.

రెండో రోజు మధ్యాహ్నం ఉపన్యాసాలు ఆపి డేటా మీద కూర్చోబెట్టడం మంచిది. 2014 నాటి మానవ పటం మూల ఫైళ్లు ప్రైడ్ అనే ప్రొటియోమిక్స్ డేటా భాండాగారంలో ఉచితంగా ఉన్నాయి. రెండో మూడో ఫైళ్లు ముందు రోజే దించి పెన్‌డ్రైవుల్లో పెట్టుకోవాలి, నలభైమంది ఒకేసారి దించుకుంటే క్యాంపస్ వైఫై నిలబడదు. వెతుకులాటకు వాడే సాఫ్ట్‌వేర్లు మాక్స్‌క్వాంట్, ఫ్రాగ్‌పైప్ విద్యాసంస్థలకు ఉచితమే, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది. యూనిప్రాట్ అనే ప్రొటీన్ డేటాబేస్ నుంచి సమీక్షించిన మానవ ప్రొటీన్ల పట్టిక, దానికి కలుషితాల పట్టిక జోడించాలి. సిస్టీన్ మీద (అయోడోఎసిటమైడ్ వల్ల) 57.021 డాల్టన్ల స్థిర మార్పు, మెథియోనిన్ మీద 15.995 డాల్టన్ల అస్థిర (ఉండొచ్చు, లేకపోవచ్చు) మార్పు, తెగకుండా మిగిలిన చోట్లు రెండు వరకు, ఇవి పెట్టి ఒకసారి నడపాలి. తర్వాత తప్పుల గీతను 1 నుంచి 5 శాతానికి జరిపి మళ్లీ నడపాలి. వాసన గ్రాహకాలు ఎన్ని కొత్తగా చేరాయో పిల్లలు తామే లెక్కపెట్టుకుంటే, గంట ఉపన్యాసం ఆదా అవుతుంది.

అన్నిటికన్నా ఉపయోగపడేది మాత్రం ప్రాజెక్టు ఇంకా మొదలుపెట్టని మొదటి సంవత్సరం స్కాలర్లకు ఒక గణాంక నిపుణుడి ముందు పావుగంట. ప్రశ్న, గుంపులు, ట్యూబు, సమయాలు, సంఖ్య, క్రమం, అనుమతి అన్నీ ఒకే పేజీలో రాసుకుని రావాలి. నమూనాలు తీశాక గణాంక నిపుణుడి దగ్గరికి పోతే ఆయన చేయగలిగేది తక్కువ.

కెరీర్ విషయానికొస్తే దారులు కొన్ని తెలిసినవే. నెట్ జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. పీహెచ్‌డీ తర్వాత జాతీయ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్, ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్. ఐఐటీ బొంబాయి వాళ్ల ప్రొటియోమిక్స్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం. వీటి గురించి సమాచార పత్రాలు అందరూ పంచుతారు. పంచనిది ఒప్పందం సంగతి. యంత్రమున్న సంస్థకు నమూనాలు పంపేముందే, పరిశోధన పత్రంలో ఎవరి పేరు ఎక్కడ, రెండోసారి నడపాల్సొస్తే ఖర్చెవరిది, మూల డేటా ఎవరిది అన్నవి గైడు సంతకంతో ఈమెయిల్‌లో ఖరారు చేసుకోవాలి. చాలాచోట్ల తిరిగొచ్చేది ఎక్సెల్ షీటు ఒక్కటే. రా ఫైళ్లు, నడిపిన క్రమం, ఒక్కో నమూనా నుంచి ఎంత పెప్టైడ్ ఎక్కించారు, వెతుకులాటలో పెట్టిన సెట్టింగులు అన్నీ అప్పుడే అడిగి తీసుకోవాలి. ప్రొటియోమిక్స్ పత్రికలు చాలావరకు రా ఫైళ్లను ప్రొటియోమ్‌ఎక్స్‌చేంజ్ అనే డేటా భాండాగారాల కూటమిలో పెట్టి నంబరు చూపమంటాయి, రెండేళ్ల తర్వాత ఆ సంస్థ హార్డ్‌డిస్కులో అవి ఉంటాయన్న నమ్మకం లేదు.